సవరణ: చిన్న ప్యానెల్‌కైనా చార్జ్ కంట్రోలర్ తప్పదు

నిలిపి ఉంచిన ఆర్‌వీ (లోపలే బస చేసే వీలున్న ప్రయాణ వాహనం) బ్యాటరీకి 10 వాట్ల సోలార్ ప్యానెల్‌ను నేరుగా కలపవచ్చని ముందు రాశాం. అది తప్పు. 12 వోల్టుల ప్యానెల్ లోడ్ లేనప్పుడు 21 వోల్టుల దాకా చూపిస్తుంది. నెలల తరబడి అలా వదిలేస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఓవర్‌చార్జ్ అయి నీళ్లు ఇంకిపోతాయి. మధ్యలో చార్జింగ్‌ను అదుపు చేసే కంట్రోలర్ పెట్టి, ఫ్లోట్‌ను (నిండిన బ్యాటరీని అలాగే నిలిపి ఉంచే వోల్టేజీని) 13.5 వోల్టుల దగ్గర ఉంచండి. కంట్రోలర్‌కు ముందు బ్యాటరీ, ఆ తర్వాతే ప్యానెల్ కలపాలి.

ఇంకో సంగతి వదిలేశాం, నిజానికి అదే పెద్దది. గ్యాస్ డిటెక్టర్, స్టీరియో కలిసి 0.1 ఆంపియర్ లాగినా రోజుకు 2.4 ఆంపియర్-అవర్లు పోతాయి. మంచి ఎండలో ఆ ప్యానెల్ ఇచ్చేదే ఇంచుమించు అంత. అందుకే బ్యాటరీని మిగతా పరికరాల నుంచి విడదీసే డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపేయండి. కంట్రోలర్ తీగలు మాత్రం స్విచ్‌కు బ్యాటరీ వైపునే ఉండాలి, లేదంటే చార్జింగూ ఆగిపోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీకి ఈ తంటా లేదు: సగం చార్జ్‌లో విడదీసి ఉంచండి.