ఖాళీ సీసా ఆర్థికశాస్త్రం

పొదుపును ఇంత వ్యయప్రయాసలకు ఓర్చి సాధించిన తరం మనకు ముందు లేదు. మన పెద్దలు పొదుపు అంటే వస్తువు కొనకుండా ఊరుకోవడం అనుకునేవారు. పాపం, వారికి అంతకు మించి తెలియదు. ఇప్పుడు హనుమకొండ నుంచి కాజీపేట దాకా ఏ అపార్టుమెంటు తలుపు తట్టినా పొదుపు రూపమే వేరు. పిల్లల గదిని తక్కువ ఖర్చులో, మన చేతులతో మనమే అలంకరించుకోవడం అన్నమాట. ఈ మహోద్యమాన్ని కొందరు, ముఖ్యంగా నెలాఖరున కార్డు బిల్లు కట్టేవారు, చులకన చేసి మాట్లాడుతున్నారు. వారికి శాస్త్రం తెలియకనే అలా మాట్లాడుతున్నారని నా నమ్మకం.

ముందు గది సంగతి చూద్దాం. రెండు పడకగదుల ఇల్లు కొన్న ప్రతి కుటుంబంలోనూ రెండోది పిల్లల గదే. అందులో పిల్లలు పడుకోరన్నది వేరే విషయం. పదో ఏడు వచ్చేవరకు వారు అమ్మానాన్నల మధ్య అడ్డంగా పడుకుంటారు. ఆ తర్వాత ఆ గది ఇంటర్ చదవడానికి ఊరి నుంచి వచ్చిన మేనల్లుడిది అవుతుంది. మిగిలిన కాలమంతా అక్కడ స్థిరనివాసం ఏర్పరచుకునేవి సొంత పొలం నుంచి వచ్చిన బియ్యం బస్తాలు. దీన్ని లోపంగా చూడటం తగదు. అలంకరణకు ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. పిల్లలు మసలే గదిలో ఏ సొగసు రెండు పూటలు నిలిచింది? బస్తాలైతే గోడ మీది స్టిక్కర్లు గోకవు, తెర పట్టుకుని ఊగవు, దిండులో దూది ఎంత ఉందో బయటికి లాగి చూడాలని ఆరాటపడవు.

గది కుదిరాక థీమ్ కుదరాలి. సముద్రం, అంతరిక్షం, ఆఫ్రికా అడవి, ధ్రువప్రాంతం. ఈ నాలుగింటికి బయట పిల్లల ఊహాశక్తి వికసించదని తల్లిదండ్రులు ఎవరికి వారే తీర్మానించుకున్నారు. వరంగల్ వారు సముద్రం చూడాలంటే రైలెక్కి ఒక పూట ప్రయాణించాలి కనుక గోడ మీద ఆక్టోపస్ న్యాయమే అనుకుందాం. రామగుండం వైపు ఒక ఇంట్లో పెంగ్విన్లను చూశాను. బయట రోహిణి కార్తె ఎండకు రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. కూలర్లో నీళ్లు పోయడానికి ఇంటిల్లిపాదీ వంతులు వేసుకుంటున్నారు. గోడ మీద మాత్రం పెంగ్విన్లు మంచుగడ్డల మీద బారులు తీరి మమ్మల్నే చూస్తున్నాయి. వాటి ముఖాల్లో కనిపించిన ఆందోళన చిత్రకారుడు వేసినది కాదని నా అనుమానం.

అడవి థీమ్‌లో జిరాఫీ తప్పనిసరి. ఏటూరునాగారం అభయారణ్యం ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే, 1950ల నుంచీ ఉన్నదే. అక్కడ దుప్పులు తిరుగుతాయి, ఎలుగుబంట్లు ఉన్నాయి. అయినా గోడ ఎక్కే అర్హత వాటికి లేదు. ఎలుగుబంటిని చూపిస్తే పిల్లవాడు "ఇది మన దగ్గరిదే కదా" అంటాడు. పిల్లవాడికి ముందే తెలిసిన జంతువు కోసం స్టిక్కర్ల డబ్బులు తగలేయడం ఏ పొదుపు కిందికి వస్తుంది?

ఇక అసలు శాస్త్రం. ముడిసరుకు ఉచితం అన్న ఒక్క సూత్రం మీద ఈ విద్య అంతా నిలబడి ఉంది. ఖాళీ గాజు సీసా ధర సున్నా. దాని మీద రంగు పట్టడానికి ముందు ప్రైమర్ పూయాలి. ఆపైన అక్రిలిక్ రంగులు, కావలసినవి రెండే అయినా పన్నెండు రంగుల పెట్టె కొంటేనే లాభం. బ్రష్షులు మూడు సైజులు. సీసా మెడకు చుట్టడానికి జనపనార తాడు, తాడు అంటించడానికి వేడి జిగురు కక్కే తుపాకీ, తుపాకీలోకి జిగురు కడ్డీలు, ఆ జిగురు వేలి మీద పడితే రాయడానికి మందు. పైన మెరుపుకు వార్నిష్, లోపల పెట్టడానికి బ్యాటరీతో వెలిగే దీపాల తీగ. ఇవన్నీ పెట్టుబడి పద్దులోకి వస్తాయి, ఖర్చులోకి రావు. ఎందుకంటే రెండో సీసాకు ఇవేవీ కొననక్కరలేదు. రెండో సీసా చేసే వేళకు రంగులు ఎండిపోవడం, కడ్డీలు అయిపోవడం, తుపాకీ ఎక్కడ పెట్టామో మరిచిపోవడం మానవ బలహీనతలే గానీ శాస్త్రంలో లోపాలు కావు. ఇంటి జమాఖర్చుల పుస్తకంలో సీసా ఎదురుగా సున్నా చుట్టి, తక్కినవి పాలు, కూరగాయల పద్దులో కలిపేస్తే లెక్క ముచ్చటగా తేలుతుంది.

సీసాల సరఫరా మాత్రం పెద్ద సామాజిక సమస్య. అందమైన సీసాలన్నీ మద్యానివే. దగ్గుమందు సీసా మీద ఎంత చక్కని నెమలిని వేసినా అది దగ్గబోతున్నట్టే కనిపిస్తుంది. మరి మద్యం ముట్టని ఇళ్లవారి గతి ఏమిటి? నాకు తెలిసిన ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, మనవరాలి గది కోసం కోడలు అడిగిందని, తెల్లవారుజామున చేతిసంచి పట్టుకుని మద్యం దుకాణం వెనక వైపు తిరగడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి గాంధీ జయంతికి ఉపన్యాసాలిచ్చిన మనిషి. కాలనీలో ఇప్పుడు ఆయనను చూసి పూర్వ విద్యార్థులు ఎంతో ఆత్మీయంగా నవ్వుతున్నారు.

గోనె సంచుల విషయంలో మనకు ఆ చిక్కు లేదు. గోనెగుడ్డతో కుట్టిన తెరలు, దిండు గలీబులు పల్లెటూరి సొగసు పేరిట బయట మంచి ధర పలుకుతున్నాయి. వరంగల్ వారికి ఆ ధర పెట్టే ఖర్మ ఏమిటి? ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే ఎనుమాముల మార్కెట్ ఊళ్లోనే ఉంది, వాడిన బస్తాలకు కొదవ లేదు. అయితే ఆ బస్తాలో అంతకు ముందు ఏముండేదో అడిగి తెచ్చుకోవాలి. తేజ మిర్చి నింపిన బస్తా ఎన్నిసార్లు ఉతికినా పుట్టుబుద్ధి మానదు. ఆ దిండు మీద మధ్యాహ్నం కాసేపు తల వాల్చిన పిల్లవాడు ఎర్రటి కళ్లతో ట్యూషన్‌కు వెళితే, కళ్లకలక అనుకుని వెనక్కి పంపేస్తారు. ఆ నెల ట్యూషన్ ఫీజు మాత్రం తిరిగి ఇవ్వరు.

తండ్రులకు కూడా ఈ ఉద్యమంలో గౌరవప్రదమైన స్థానం ఉంది. మామిడిపండ్ల చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి పుస్తకాల అల్మారా చేయడం వారి వంతు. దాన్ని గోడకు బిగించాలి, లేకపోతే పిల్లవాడు అరల మీద కాలు పెట్టి ఎక్కినప్పుడు అల్మారా వాడి మీదికే వస్తుంది. కానీ కన్నం పెడితే గోడ రంగు పాడవుతుంది కదా. అందుకని ఊరికే నిలబెట్టి వదిలేస్తారు. రంగు వేయడానికి అటక మీద పాత ఎనామిల్ డబ్బా ఉండనే ఉంది. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందే అటకెక్కిన డబ్బాకు ఆ సంగతి తెలియదు. చంటిపిల్లలు చేతికి అందిన చెక్క అంచునల్లా కొరుకుతారన్న సంగతి ఆ తండ్రికి తెలిసినా, ఒక డబ్బా రంగు ఖరీదు మిగులుతున్నప్పుడు గుర్తుకు రాదు.

నేల మీద పరచడానికి కూడా ఏదో ఒకటి కావాలి. ఊళ్లోనే కొత్తవాడ ఉంది. అక్కడ మగ్గాల మీద నేసే నూలు జంపఖానాలు, అవే వరంగల్ దర్రీలు, 2018లో భౌగోళిక గుర్తింపు పొందాయి. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు ఈ ఊరి తివాచీలు వెళ్లాయి. ఓడలెక్కి లండన్ వెళ్లిన సరుకు కోసం మనం ఆటో ఎక్కి కొత్తవాడ వెళ్లలేమా? వెళతాం. జంపఖానా తిరగేసి, అంచు లాగి, వెలుతురుకు పట్టి చూసి, చివరికి ఒక ప్రశ్న వేస్తాం.

"చేత్తో నేసిందే కదా, ఇంత రేటు ఎందుకు?"

మిషన్ లేదు, కరెంటు బిల్లు లేదు, ఇక ఖర్చు ఎక్కడిదన్నది అందులోని తర్కం. నేసినాయన నూలు ధర గురించి ఏదో చెప్పబోతాడు. "సరే అన్నా, మళ్లీ వస్తాం" అని లేచి వచ్చేస్తాం.

వచ్చి, ఇంట్లోని పాత టీషర్టులన్నీ పేలికలుగా చించి, జడలల్లి, ఆ జడలను గుండ్రంగా చుట్టి కుట్టుకుంటాం. సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి ఒక చాప తయారవుతుంది. అది ఒక పక్క ఉబ్బి ఉంటుంది, మరో పక్క వచ్చినవారి కాలి వేలు పట్టుకుంటుంది. అయినా దానికి వెల కట్టలేం. చేత్తో చేసింది కదా!

ఇక్కడేదో తిరకాసు ఉందని కొందరు వాదిస్తారు. నాకైతే కనిపించలేదు. కడుపు నిండిన చేయి చేసేది కళ, కడుపు నింపుకోవడానికి చేసేది సరుకు. కళను ధర అడగడం అమర్యాద, సరుకును బేరం చేయకుండా కొనడం తెలివితక్కువ. జంపఖానా అందడం వారం ఆలస్యమైతే "వీళ్లు మాట మీద నిలబడరు" అంటాం. మన చాపకు మూడు నెలలు పడితే మన ఓర్పును చూసి మనకే ముచ్చటేస్తుంది. నేతలో పోగు తప్పితే తిప్పి పంపుతాం. మన సీసా మీద నెమలి కోడిపెట్టలా దిగితే అందులో ఒక ప్రత్యేకత ఉందని వచ్చినవారికి దగ్గరుండి చూపిస్తాం.

పారేసే వస్తువులతో బొమ్మలు చేయడాన్ని మనమే కనిపెట్టినట్టు మురిసిపోతుంటాం కదా, అందులో ఇంకో ఇబ్బంది ఉంది. చేర్యాల ఊరి నకాశీ చిత్రకారులు కొబ్బరిచిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో ముక్కు, కనుబొమలు, మీసాలు తీర్చి ముఖాలు చేస్తారు. నిర్మల్‌లో తేలికైన పొణికి చెక్కను చెక్కి అతికి, దాని మీద చింతగింజల లప్పం నునుపుగా పూసి రంగులు వేస్తారు. చిప్ప, పొట్టు, గింజ, మూడూ పారేసేవే. అంటే మన సూత్రం ప్రకారం బొమ్మ ధర సున్నా కావాలి. అయినా వారు ధర చెబుతారు! ఉచిత ముడిసరుకు సిద్ధాంతాన్ని ఔపోసన పట్టిన మనకు ఇది మింగుడు పడదు. అందుకే ఫోనులో ఫొటో తీసుకుని ఇంటికి వచ్చి, పేపరు ప్లేటు మీద ఆ మీసాలు దించి, కింద "చేర్యాల స్ఫూర్తితో" అని రాసి గోడకు తగిలిస్తాం. స్ఫూర్తికి ఇంతవరకు ఎవరూ రుసుము పెట్టలేదు.

నిర్మల్ బొమ్మలు డబ్బిచ్చి కొన్న ఇళ్లు లేకపోలేదు. అక్కడ వాటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. బొమ్మలు ఆడుకోవడానికి కాదన్న నిజం పిల్లవాడికి చిన్నతనంలోనే తెలియడం ఒకందుకు మంచిదే.

ఈ ఉద్యమంలోకి నానమ్మలను రానివ్వకపోవడానికి గట్టి కారణమే ఉంది. వారికి చేసిన పనిని నిలబెట్టుకోవడం తెలియదు. సద్దుల బతుకమ్మ నాడు తాంబాలంలో ఆకులు పరిచి, రంగులద్దిన గునుగు, తంగేడు, బంతి వరుసలు వరుసలుగా పేర్చి, ఎక్కడా ఒరగకుండా గోపురంలా లేపుతారు. జిగురు లేదు, తుపాకీ లేదు, ఎలా చేయాలో చూపించే వీడియో లేదు. అంతా చేసి ఆ రాత్రే తీసుకెళ్లి చెరువులో వదిలి వస్తారు. నాలుగు రోజులు హాల్లో పెట్టి పదిమందికి చూపించాలన్న ధ్యాసే ఉండదు. ఇలాంటి వారి చేతికి పిల్లల గది అప్పగిస్తే ఏం చేస్తారు? పాత నూలుచీరలు పొరలుగా వేసి బొంత కుట్టి, పిల్లవాడిని దాని మీద పడుకోబెడతారు. గది పిల్లలదైపోతుంది.

గోడల విషయంలోనూ వారిది ఇదే నిర్లక్ష్యం. పాత ఇళ్లలో గోడకు సున్నం, అడుగున జాజు పట్టీ ఉండేవి. పండుగ వస్తే మళ్లీ సున్నం కొట్టేవారు. బొగ్గుతో గోడ మీద ఎన్ని ఏనుగులు గీసినా వాటి ఆయుష్షు అంతవరకే కనుక ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఆ పిల్లలకు గోడ ఉండేది, గది ఉండేది కాదు. ఇప్పుడు గది ఉంది. గోడకు ఖరీదైన ఎమల్షన్ ఉంది. పిల్లవాడి ఎత్తు వరకు బ్లాక్‌బోర్డు రంగు పూయించి సుద్దముక్కలు ఇస్తే చౌకలో పోతుందని, తుడిస్తే చెరిగిపోతుందని కొందరు ఉచిత సలహా ఇస్తుంటారు. నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. గోడంతా పిల్లవాడి చేతిపనే కనిపిస్తే, వచ్చినవారు మన చేతిపని చూసేదెప్పుడు?

ఈ విద్యలో ఆరితేరిన వదినగారు ఒకరు ఇటీవల హనుమకొండలో ఒక ప్రదర్శనలో బల్ల అద్దెకు తీసుకుని తన సీసాలు అమ్మకానికి పెట్టారు. ప్రైమర్, రంగులు, కాలిన వేలు, నిద్ర మానుకున్న రాత్రులు, అన్నీ లెక్క కట్టి ధర చీటీలు అంటించారు. మొదట వచ్చినావిడ సీసాను తిరగేసి, అడుగు చూసి, వార్నిష్‌ను గోటితో గీకి చూసింది.

"చేత్తో చేసిందే కదా వదినా, ఇంత రేటు ఎందుకు?"

వదినగారు ప్రైమర్ దగ్గర మొదలుపెట్టి చెప్పబోయారు. ఆవిడ "మళ్లీ వస్తాం" అని అప్పటికే పక్క బల్ల వైపు వెళ్లిపోయింది. చీకటి పడేదాకా ఒక్క సీసా కదలలేదు. పక్క బల్ల దగ్గర జంపఖానాలు మడతపెట్టుకుంటున్న కొత్తవాడ ఆయన జాలిపడి, "మొదటి రోజు అంతేనమ్మా, రెండో రోజుకు అలవాటవుతుంది" అన్నాడట.

వదినగారు రెండో రోజు వెళ్లలేదు. సీసాలన్నీ మెరుపు కాగితాలు చుట్టుకుని బంధువుల గృహప్రవేశాలకు కానుకలుగా బయలుదేరాయి. పుచ్చుకున్న ప్రతి ఒక్కరూ ఆమె చేతిలోని కళను నోరారా పొగిడారు. ధర మాత్రం ఎవరూ అడగలేదు.