మంగోలియా సముద్రమట్టపు పీడనం గారికి

అయ్యా,

ఎత్తున కొలిచిన గాలి పీడనం సముద్రమట్టం దగ్గరైతే ఎంతుండేదో లెక్కగట్టి చెప్పే అంకె మీరు. కానీ మీరున్న దేశానికి సముద్రం లేదు. నేల చూస్తే సగటున 1500 మీటర్లకు పైనే. అయినా ఆ పేరు పెట్టుకుని తిరుగుతున్న మీ ధైర్యానికి ముందుగా ఒక దండం.

నిన్న మధ్యాహ్నం మళ్లీ గోబీ ఎడారి మీద తుఫాను పుట్టించారట. 06 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మ్యాపులో, అంటే మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌లో పగలు రెండింటికి, ముద్దొచ్చేలా గుండ్రటి అల్పపీడనం. మబ్బు పట్టింది లేదు, చల్లగాలి దూసుకొచ్చింది లేదు. 18 యూటీసీ మ్యాపు, అంటే రాత్రి రెండింటిది, తెరిస్తే మాయం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మీ కిటుకు తెలుసు లెండి. 1500 మీటర్ల ఎత్తున బారోమీటర్ 840 హెక్టాపాస్కల్స్ చూపిస్తుంది. కింద రాయీ మట్టీ ఉన్నచోట గాలి ఉన్నట్టు ఊహించి, దాని బరువు కలుపుతారు. ఆ ఊహాగాలి ఎంత వేడో నేల దగ్గరి ఉష్ణోగ్రతను బట్టి అనుకుంటారు; వేడిగాలి తేలిక. 15 డిగ్రీలనుకుంటే మొత్తం 1004 వస్తుంది, 25 అనుకుంటే 998. బారోమీటర్ ముల్లు కదలకుండానే 6 హెక్టాపాస్కల్స్ హుష్‌కాకి!

పగలూ రాత్రి తేడాకైతే మందుంది: 12 గంటల కిందటి ఉష్ణోగ్రతనూ కలిపి సగటు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. మరి దశాబ్దాల వేడికో? 1940 నుంచి మంగోలియా 2 డిగ్రీలకు పైగా వేడెక్కింది. ఆ లెక్కన ఎత్తు నేల మీద మీరు 1 హెక్టాపాస్కల్‌కు పైగా జారారు, ఉత్తపుణ్యానికి.

అసలు తుఫాను బతికేదే ఉత్తర దక్షిణాల ఉష్ణోగ్రత తేడా మీద. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర నేల వేడెక్కితే దానికి దక్షిణాన ఆ తేడా తగ్గుతుంది. పైకి పోయేకొద్దీ గాలి జోరందుకోవడమూ తగ్గి, తుఫాను నీరసిస్తుంది. (ఉత్తరాన తేడా పెరుగుతుంది, అది వేరే తలనొప్పి.) అంటే వేడి నిజం తుఫానును నీరుగారుస్తున్న చోటే, అదే వేడితో మీరు దొంగ తుఫాన్లను పద్దులో రాయిస్తున్నారు! దశాబ్దాల తుఫాన్ల లెక్క చూపే గీత కిందికి దిగాల్సింది పోయి అడ్డంగా పడుకుంటే ఆ పాపం ఎవరిది? సిగ్గులేదూ?

850 హెక్టాపాస్కల్స్ మ్యాపు గారూ, మీరు నవ్వకండి. గాలి పీడనం 850 ఉండే ఎత్తు, అంటే సుమారు 1500 మీటర్లు, మీ చోటు; మంగోలియాలో మీరు నేలను ఆనుకునో, నేల లోపలో ఉంటారు. గాలి సుడిని 700 హెక్టాపాస్కల్స్ దగ్గర, అంటే సుమారు 3 కిలోమీటర్ల ఎత్తున చూసి, 24 గంటలు బతికి 1000 కిలోమీటర్లు నడిచినదాన్నే లెక్కిస్తే సరి. వేడికి పుట్టింది పుట్టినచోటే చల్లారుతుంది.

2021 మార్చి 15న బీజింగ్ ఆకాశాన్ని నారింజ రంగుకు తిప్పింది మాత్రం అసలుసిసలు మంగోలియా తుఫానే. పసిఫిక్ మీద మీకు తిరుగే లేదు, ఒప్పుకుంటాం. అక్కడే ఉండిపోరాదూ?

ఇట్లు,
మీ సోమలింగాలను ఒక్కొక్కటిగా చెరిపేస్తున్నవాడు