ఆ 20డబ్ల్యూ-50 మెసేజ్ ఇక చాలు

ఇంజన్ ఆయిల్ మీద ఒక వాట్సాప్ మెసేజ్. ఉదయం కార్ల గ్రూపులో వచ్చింది. మధ్యాహ్నానికి కాలేజీ బ్యాచ్ గ్రూపులో ప్రత్యక్షం. రాత్రి పడుకోబోతుంటే మా బావ పంపి, "నీకు పనికొస్తుంది చూడు" అన్నాడు. చూశాను బావా, వారం నుంచీ చూస్తూనే ఉన్నాను.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం సారాంశం (0డబ్ల్యూ-20 లాంటివి ఆయిల్ గ్రేడులు: మొదటి అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనానిది, రెండోది వేడెక్కాక ఉండే చిక్కదనానిది; అంకె పెద్దదైతే ఆయిల్ చిక్కన): "స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు తప్పక చదవండి. ఏడెనిమిది వేల ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగే ఇంజన్‌లో నీళ్లలాంటి 0డబ్ల్యూ-20 పోస్తే ఆయిల్ పొర తెగి ఇంజన్ సీజ్ అవుతుంది. మన ఎండలకు 20డబ్ల్యూ-50 మాత్రమే కరెక్ట్. పల్చటి ఆయిల్ అనేది కంపెనీల మైలేజీ మోసం. సింథటిక్ పోస్తే సీళ్లు లీకవుతాయి. నల్లబడితే వెంటనే మార్చాలి. రేసింగ్ ఆయిల్‌తో పవర్ పెరుగుతుంది. రోజూ పొద్దున స్టార్ట్ చేయగానే రెడ్‌లైన్ (ఇంజన్ తిరగదగ్గ గరిష్ఠ హద్దు) దాకా రేస్ ఇస్తే కార్బన్ అంతా పోతుంది." చివర మూడు దండాలు, పది మందికి పంపమని ఆజ్ఞ.

నవ్వుకుని వదిలేసేవాణ్ణే. కానీ డల్లాస్‌లో ఉన్న తమ్ముడొకడు కొత్తగా టొయోటా జీఆర్86 కొని, ఇది చదివి, "అన్నా, ఇక్కడ 20డబ్ల్యూ-50 ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు. ఇక తప్పలేదు.

ముందు చిల్లర తేల్చేద్దాం. సింథటిక్‌తో సీళ్లు లీకవుతాయట. పోర్షే 911 జీటీ3 ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేదే సింథటిక్‌తో. దాని సీళ్లకు ఈ మెసేజ్ ఇంకా ఫార్వర్డ్ అయినట్టు లేదు. నల్లబడితే పారబోయాలట. మసిని కడిగి తనలో కలుపుకోవడమే ఆయిల్‌లో ఉండే డిటర్జెంట్ల పని, నల్లబడక ఏమవుతుంది? పాలు కలిపిన కాఫీ రంగులోకి మారితే మాత్రం కంగారు పడండి, కూలెంట్ కలిసి ఉండొచ్చు.

రేసింగ్ ఆయిల్ సంగతి. అసలైన రేసు ఆయిల్‌ని ఒకటి రెండు రేసులకే మార్చేస్తారు. అందుకే డిటర్జెంట్లు తక్కువ, జింకు, ఫాస్ఫరస్ ఎక్కువ వేస్తారు. ఆ ఫాస్ఫరస్ రోడ్డు కారులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మెల్లగా చంపుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, రేసు టీములు పవర్ పిండుకోవడానికి వెళ్లేది పల్చటి ఆయిల్ వైపు. ఒకే మెసేజ్‌లో ఇటు రేసింగ్ ఆయిల్, అటు 20డబ్ల్యూ-50. రాసినాయన తను రాసింది తనే చదవలేదు.

ఇప్పుడు అసలు పాయింట్, "మన ఎండలకు". విజయవాడలో మే నెల, 45 డిగ్రీలు. మనకు నరకం. వంద డిగ్రీల దగ్గర పనిచేయాల్సిన ఆయిల్‌కి అది ఇంకా చలే. బయట ఎండైనా వానైనా థర్మోస్టాట్ ఇంజన్‌ని దాదాపు ఒకే వేడి దగ్గర నిలుపుతుంది. ఇక అంకెలు చూడండి. మామూలు 0డబ్ల్యూ-20 చిక్కదనం వంద డిగ్రీల దగ్గర ఎనిమిది సెంటిస్టోక్స్ ఉంటే, నలభై దగ్గర నలభై పైచిలుకు. అంటే "నీళ్లు" అని మీరు వెక్కిరిస్తున్న ఆయిల్ కూడా ఆ ఎండలో స్టార్ట్ చేసేటప్పుడు కావలసినదానికి ఐదింతలు చిక్కగానే ఉంది. 20డబ్ల్యూ-50 అయితే నలభై డిగ్రీల దగ్గర 160 దాటుతుంది. ఆ ఇంజన్‌కి కావలసినదానికి దాదాపు ఇరవై ఇంతలు! ఇదేనా కాపాడటం?

ఆర్‌పీఎం పెరిగితే పొర తెగుతుందన్నది ఇంకా వింత. బేరింగ్‌లో ఆ పొర పుట్టేదే షాఫ్ట్ తిరగడం వల్ల. పై గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ అదిమి తొక్కినప్పుడే అది పల్చబడేది. హై రెవ్‌లో అసలు శత్రువు వేడి. దాన్ని మోసుకుపోవాలంటే ఆయిల్ బాగా పారాలి. హోండా ఎస్2000 తొమ్మిది వేల దాకా తిరిగేది, దానికి కంపెనీ చెప్పింది 10డబ్ల్యూ-30. 991 తరం జీటీ3 కూడా తొమ్మిది వేలే, అందులో 0డబ్ల్యూ-40. ఏడున్నర వేల దరిదాపుల్లో తిరిగే జీఆర్86కి 0డబ్ల్యూ-20. వీళ్లెవరికీ తట్టని 20డబ్ల్యూ-50 మన వాట్సాప్ ఇంజనీర్‌కి తట్టింది.

"మరి బీఎండబ్ల్యూ ఎం3కి 10డబ్ల్యూ-60 ఎందుకు చెప్పారు?" అని ఒకరు లేస్తారు, తెలుసు. నిజమే. 2001 ప్రాంతపు ఎం3కి ఆ గ్రేడే చెప్పారు, అయినా ఆ ఇంజన్లలో రాడ్ బేరింగులు (పిస్టన్ కడ్డీలు షాఫ్ట్‌ని పట్టుకునే చోటివి) పోయాయి. తర్వాత వచ్చిన వీ8 ఎం3కీ అదే ఆయిల్. దాని బేరింగుల అరుగుదల ఓనర్లకు ఇప్పటికీ తలనొప్పే. చిక్కదనమే మందైతే ఆ జబ్బు ఎందుకు తగ్గలేదు? ఆ ఆయిల్‌కి తగ్గ ఖాళీ బేరింగ్‌లో లేదని వాదించేవాళ్లే ఎక్కువ.

ప్రెజర్ గేజ్ ఫొటో పెట్టి "చూడండి, చిక్కటి ఆయిల్‌తో ప్రెజర్ ఎంత పెరిగిందో" అన్నాయన కూడా ఉన్నాడు. పైపు మూతి బొటనవేలితో నొక్కితే నీళ్లు బలంగానే చిమ్ముతాయి, బిందె మాత్రం త్వరగా నిండదు. ప్రెజర్ మరీ పెరిగితే రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. పైకి వెళ్లాల్సిన ఆయిల్ బేరింగుల దాకా పోకుండా వెనక్కి తిరుగుతుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించింది పొద్దున్నే రేస్ ఇచ్చే చిట్కా. పల్చటి ఆయిల్‌తోనే అది తప్పు, 20డబ్ల్యూ-50 పోసి చేస్తే ఇంజన్‌ని బోరుకు తెచ్చుకోవడానికి దగ్గరి దారి. టెంపరేచర్ సూది మధ్యకు వచ్చిందంటే కూలెంట్ వేడెక్కిందని అర్థం, ఆయిల్ ఇంకా వెనకాలే ఉంటుంది. పైన చెప్పిన 2001 ఎం3నే చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం చూపే టాకోమీటర్ చుట్టూ నారింజ రంగు దీపాలు వెలుగుతాయి. ఆయిల్ వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతూ రెడ్‌లైన్ పైకి జరుగుతుంది. ఎంతవరకు ఆరాయో అంతవరకే తొక్కాలి. పాపం ఆ జర్మన్లు అనవసరంగా అన్ని బల్బులు పెట్టారు. కార్బన్ పోతుందని మనవాళ్లు ఒక్క మెసేజ్ పంపి ఉంటే సరిపోయేది.

మైలేజీ మోసం అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. ఇది సగం నిజం. 20 గ్రేడు ఇంతగా రావడానికి అమెరికా మైలేజీ నిబంధనలు పెద్ద కారణం. టొయోటా మాన్యువళ్లలోనే, ఎక్కువ వేగంతోనో విపరీతమైన లోడుతోనో నడిపితే ఇంకాస్త చిక్కటి గ్రేడు నయం కావచ్చని ఒక వాక్యం ఉంటుంది. ఎవరూ చదవరు. 2012లో ఫోర్డ్ మామూలు మస్టాంగ్ జీటీకి 5డబ్ల్యూ-20 చెప్పి, అదే ఐదు లీటర్ల కుటుంబానికి చెందిన ట్రాక్ కారు బాస్ 302కి 5డబ్ల్యూ-50 పోసింది. కాబట్టి ట్రాక్ మీద ల్యాపుల మీద ల్యాపులు తిప్పి, ఆయిల్‌ని 130 డిగ్రీలకు తీసుకెళ్లేవాళ్లు 30కో 40కో మారడంలో అర్థముంది. గమనించండి, పెంచాల్సింది రెండో అంకె. మొదటిదాన్ని 20 చేయమని ఎవరూ చెప్పలేదు. డబ్బా మీద కాకుండా డేటా షీట్‌లో హెచ్‌టీహెచ్‌ఎస్ అంకె చూడండి, 150 డిగ్రీల దగ్గర నలుగుతూ కూడా ఎంత చిక్కగా నిలుస్తుందో అదే చెబుతుంది. 20 గ్రేడుకి కనీసం 2.6 ఉండాలి. ట్రాక్‌కి 3.5 దాటినది తీసుకోండి.

తమ్ముడూ, నువ్వు ఆఫీసుకీ వీకెండ్ డ్రైవ్‌కీ నడిపేదానికి మాన్యువల్ చెప్పిన 0డబ్ల్యూ-20 చాలు. ట్రాక్ డే బుక్ చేసుకుంటే ఆ ముందు వారం హెచ్‌టీహెచ్‌ఎస్ 3.5 దాటిన 5డబ్ల్యూ-30 పోయించు, వారంటీ కాగితం ఒప్పుకుంటుందో లేదో చూసుకుని. అంతకన్నా ముందు డిప్‌స్టిక్ చూడటం అలవాటు చేసుకో. కారు చదునైన చోట పెట్టి, ఇంజన్ ఆపి ఐదు నిమిషాలు ఆగి, తుడిచి, మళ్లీ ముంచి చూడు. ఎక్కువ తిప్పే ఇంజన్లు ఆయిల్ తాగుతాయి. ఇంజన్ కింది ఆయిల్ ఛాంబర్‌లో లీటరు తగ్గిందంటే పొడవాటి మలుపులో పంపు ఆయిల్‌కి బదులు గాలి పీలుస్తుంది, అప్పుడు అందులో ఏ గ్రేడున్నా ఒకటే.