ఇంజిన్ దించే ముందు ఆ టిక్ టిక్ ఎక్కడిదో చెప్పండి

"చూసినందుక్కూడా డబ్బులేంటి?" అనే మన అలవాటే కారు ఇంజిన్లో వచ్చే టిక్ టిక్ శబ్దాన్ని ఇంత ఖరీదైన జబ్బుగా మార్చిందని నా గట్టి అభిప్రాయం. డాక్టరు దగ్గరైతే లోపలికి వెళ్లకముందే కౌంటర్లో ఫీజు కట్టేస్తాం. మెకానిక్ మాత్రం గంటసేపు చెవి పెట్టి విని, ఊరికే చెప్పాలి. ఊరికే చెప్తే అతని ఇల్లెలా గడుస్తుంది? అందుకే వినడం మానేసి విప్పడం మొదలుపెడతాడు. విప్పితే లేబర్, మారిస్తే పార్టు మీద మార్జిన్.

ఈమధ్య మా బావగారి కారుకి ఇదే జరిగింది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్ టిక్. ఇంజిన్ వేడెక్కేసరికి తగ్గిపోతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే మళ్లీ కాస్త వినపడుతుంది. సర్వీస్ సెంటర్లో బానెట్ ఎత్తి, ఒక్క నిమిషం విని, "ట్యాపెట్లు పోయాయి సార్, హెడ్ దించాలి" అని 38,000 ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ట్యాపెట్లంటే ఇంజిన్లో గాలి, పొగ వెళ్లే దారుల్ని తెరిచి మూసే వాల్వుల్ని నొక్కే భాగాలు. హెడ్ అంటే ఆ వాల్వులుండే ఇంజిన్ పై భాగం. కనీసం ఆయిల్ లెవెల్ చూసే డిప్‌స్టిక్ బయటికి లాగి చూసినవాడు లేడు. కారు కంప్యూటర్లో లోపాల్ని చదివే స్కానర్ పెట్టారు, కోడ్ ఏదీ రాలేదు. రాదు కూడా. ఇలాంటి శబ్దాలు చాలావరకు స్కానర్‌కి దొరకవు.

అసలు జవాబు ఆ లక్షణాల్లోనే ఉంది. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ, లోడ్ పడితే మళ్లీ ఎక్కువ అంటే మొదట అనుమానించాల్సింది ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గాస్కెట్‌ని, అంటే పొగ బయటికి తీసుకెళ్లే గొట్టాలు హెడ్‌కి కలిసేచోట ఉండే పల్చటి సీల్‌ని. అక్కడ చిన్న సందు ఉన్నా గ్యాస్ తన్నుకొచ్చి అచ్చం ట్యాపెట్ లాగే కొట్టుకుంటుంది. లోహం వేడికి సాగాక ఆ సందు మూసుకుంటుంది. విజయవాడ ఆటోనగర్లో ఒక పెద్దాయన షెడ్డుకి తీసుకెళ్తే, బండి రాత్రికి వదిలేసి పొమ్మన్నాడు. చల్లారిన ఇంజిన్ మీదైతేనే వింటానన్నాడు. పొద్దున పొడవాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్ కవర్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని నాలుగు చోట్ల విన్నాడు. ట్యాపెట్లు కావన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత హీట్ షీల్డ్ విప్పాడు. మూడో సిలిండర్ దగ్గర గాస్కెట్ అంచు నుంచి బయటికి వేలెడు పొడవున నల్లటి మసి చార. ఆ పక్కనే మ్యానిఫోల్డ్‌ని హెడ్‌కి బిగించే స్టడ్ విరిగిపోయి, నట్టే లేదు. విరిగిన ముక్కని బయటికి తీయడానికే సగం రోజు పట్టింది. గాస్కెట్, స్టడ్లు, లేబర్ అన్నీ కలిపి 4,500. హెడ్ జోలికే పోలేదు.

నిజంగానే ట్యాపెట్ శబ్దం అయితే? అప్పుడు కూడా గాభరా అక్కర్లేదు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో వాల్వుల్ని తెరిపించే క్యామ్‌షాఫ్ట్, పిస్టన్లు తిప్పే కింది క్రాంక్ వేగంలో సగానికే తిరుగుతుంది. బండి ఆగి ఉండి క్రాంక్ నిమిషానికి 800 చుట్లు తిరిగే ఐడ్లింగ్‌లో ఒక్కో వాల్వ్ నిమిషానికి 400 సార్లే తెరుచుకుంటుంది. వాల్వుల లయ ఇలా సగమే కాబట్టి, విన్నవాడికి శబ్దం పైనుంచి వస్తుందో, కింద క్రాంక్ దగ్గర్నుంచి వస్తుందో కొంత పోల్చుకోవడం కుదురుతుంది. అనుమానం ఉంటే ఒక్కో సిలిండర్‌కి ఇంధనం చల్లే ఇంజెక్టర్ కనెక్టర్ కాసేపు పీకి చూస్తారు. శబ్దం బాగా తగ్గిపోతే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ వైపు చూడాలి, మారకపోతే వాల్వుల వైపు. ఇవన్నీ ఇంజిన్ దించకుండా చేసే పనులే.

హైడ్రాలిక్ ట్యాపెట్లున్న ఇంజిన్లలో అవి ఆయిల్ ప్రెజర్ మీదే ఆధారపడి వాల్వుల దగ్గరి సందు సర్దుకుంటాయి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ కాగానే రెండు మూడు క్షణాలు టిక్కుమని ఆగిపోతే అది మామూలే. ఆగకపోతే ముందు ఆయిల్ లెవెల్, తర్వాత చిక్కదనం చెప్పే గ్రేడ్, తర్వాత ప్రెజర్ గేజ్ పెట్టి కొలవడం. మాన్యువల్లో 5డబ్ల్యూ-30 అని ఉంటే, శబ్దం తగ్గుతుందని 20డబ్ల్యూ-50 పోసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చిక్కటి ఆయిల్ చల్లటి ఇంజిన్లో పైదాకా ఎక్కడానికే ఆలస్యం చేస్తుంది. ఇక సీసాల్లో అమ్మే "ఇంజిన్ ట్రీట్‌మెంట్" గురించి మాట్లాడి టైం వేస్ట్ చేసుకోను.

స్క్రూతో అడ్జస్ట్ చేసే ట్యాపెట్ల దగ్గర ఇంకో ఘోరం ఉంది. కస్టమర్‌కి శబ్దం వినపడకూడదని సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టకుండా, చేతి అందాజాకి బిగించేస్తారు. ఇంజిన్ నిశ్శబ్దమైపోతుంది, మనం మురిసిపోయి డబ్బులిస్తాం. కానీ సందు మరీ తక్కువైతే వేడెక్కినప్పుడు వాల్వ్, హెడ్‌లో తాను మూసుకునే అంచు అయిన సీటు మీద పూర్తిగా కూర్చోదు. కూర్చోని వాల్వ్ తన వేడిని హెడ్‌కి దింపుకోలేక అంచున కాలిపోతుంది. సీఎన్జీ బండ్లలో ఇది మరీ ముఖ్యం. సీటు అరిగేకొద్దీ వాల్వ్ పైకి జరిగి సందు దానంతటదే తగ్గుతుంది. అంటే అక్కడ శబ్దం చేసే ట్యాపెట్ కన్నా, చడీచప్పుడూ లేనిదే ప్రమాదం.

ఒక్క విషయంలో మాత్రం చర్చ లేదు. టిక్ టిక్‌తో పాటు డాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, బండి లాగించుకుని వెళ్లాలి. "ఇంటిదాకా పోదాంలే" అంటే అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది.

ఆటోనగర్ పెద్దాయన బిల్లులో "విని చూసినందుకు 500" అని విడిగా రాశాడు. మా బావగారు దాని మీద బేరమాడబోతే నేనే ఆపాను. ఆ పాత ఎస్టిమేట్ కాగితంలో వాషింగ్ ఉంది, శానిటైజింగ్ ఉంది, "కన్జ్యూమబుల్స్" అని ఏదో ఉంది. శబ్దం ఎక్కడిదో కనిపెట్టడానికి ఒక్క లైను లేదు. దానికి విడిగా డబ్బులిస్తాను, ముందు అది చేసి పెట్టండి అని ఆ రోజే అడిగాను. సిస్టమ్‌లో అలాంటి ఐటెం లేదు సార్ అన్నాడు సర్వీస్ సెంటర్ అడ్వైజర్.