తప్పు చేయనివాడికి భయం దేనికట!

‘స్టాలిన్ కాలంలో సామాన్యుడు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయాడు. దేశద్రోహులకే శిక్షలు పడ్డాయి. తప్పు చేయనివాడికి భయం దేనికి? లక్షల చావులన్నీ అమెరికా కట్టుకథ. ఏవో కొన్ని పొరపాట్లు జరిగినా అవి స్టాలిన్‌కి తెలియకుండా కింది అధికారులు చేసినవే. ఇళ్లకి తాళాలు కూడా వేసేవారు కాదు.’

ఏ గ్రూపు తెరిచినా ఒకప్పటి సోవియట్ అధినేత స్టాలిన్ మీద ఇదే మెసేజ్. పంపేవాళ్లు చదువుకున్నవాళ్లు, పైగా నాకు కావలసినవాళ్లు. అందుకే ఇంకా ఒళ్లు మండుతోంది.

తాళాల సంగతి వదిలేద్దాం. అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టే పోలీసుకి తాళం ఒక అడ్డా?

అమెరికా కట్టుకథ అట. 1937, 38 రెండేళ్లలో 6,81,692 మందికి మరణశిక్ష వేశామని రాసిపెట్టుకున్నది సోవియట్ రహస్య పోలీసు శాఖే, ఎన్‌కేవీడీ. అయితే ఒకటి ఒప్పుకుంటాను. అవతలి గ్రూపుల్లో తిరిగే ‘స్టాలిన్ ఆరు కోట్ల మందిని చంపాడు’ అన్న లెక్కకి ఆ రికార్డుల్లో ఆధారం లేదు. అది గాలిలెక్కే. మెసేజ్ రాసినాయన దాన్ని మాత్రమే తిట్టి ఉంటే నేనూ గొంతు కలిపేవాణ్ణి.

ఇక అసలు మాట, ‘తప్పు చేయనివాడికి భయం దేనికి’. 1937 జూలై 30న ఎన్‌కేవీడీ అధిపతి యెజోవ్ 00447 నంబరు ఆర్డరు మీద సంతకం పెట్టాడు. అందులో ఒక్కో ప్రాంతానికి ఒక్కో టార్గెట్. మొదటి రకం అంటే కాల్చివేత, రెండో రకం అంటే ఎనిమిది నుంచి పదేళ్లు వెట్టిచాకిరీ క్యాంపు లేదా జైలు. మాస్కో ప్రాంతానికి మొదటి రకం 5,000, రెండో రకం 30,000. అంకె ముందే వచ్చేసింది, మనుషుల్ని తర్వాత వెతుక్కోవాలి. కొన్ని చోట్ల అధికారులు చకచకా పూర్తిచేసి, మా కోటా పెంచండి మహాప్రభో అని పైకి రాశారు, యూరియా కోసం రాసినట్టు! విచారణ చేసేది ముగ్గురు మనుషుల కమిటీ. వకీలు లేడు, అప్పీలు లేదు, ముద్దాయి ఎదురుగా ఉండాలన్న నియమమూ లేదు.

రెండు వారాలు దాటాయో లేదో, ఆగస్టు 15న ఇంకో ఆర్డరు. ‘ద్రోహుల’ భార్యలకి ఐదు నుంచి ఎనిమిదేళ్లు క్యాంపు, పిల్లలు సర్కారు అనాథాశ్రమాలకి. ఆవిడ చేసిన తప్పేమిటయ్యా అంటే, పెళ్లి. కాల్చేసినవాళ్ల ఇంటివాళ్లకేమో ‘పదేళ్ల శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు’ అని చెప్పి పంపేవారు. లేని మనిషి కోసం ఏళ్లు లెక్కపెట్టుకున్నవాళ్లు కూడా గుండె మీద చెయ్యేసుకునే పడుకున్నారా?

అంతకు ఐదేళ్ల ముందు, 1932 ఆగస్టు 7 చట్టం ఉండనే ఉంది. రైతుల భూములన్నీ కలిపేసి పెట్టిన సమష్టి పొలంలో సొత్తు తీస్తే కాల్చివేత, దయతలిస్తే పదేళ్లు. ఆకలికి పరిగె ఏరుకున్నవాళ్లనీ దాని కిందే లోపలేశారు. మన ఊళ్లలో కోతలయ్యాక పరిగె ఏరుకునే ముసలమ్మని దేశద్రోహి అంటారా, మెసేజ్ పంపిన అన్నగారూ?

రష్యా వాళ్ల గొడవ మనకెందుకంటారేమో. వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ హైదరాబాద్‌లో పుట్టినవాడు, సరోజినీ నాయుడు తమ్ముడు. బెర్లిన్‌లో కూర్చుని బ్రిటిష్ వాళ్లకి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పనిచేసి, కమ్యూనిస్టై, చివరికి లెనిన్‌గ్రాడ్ చేరి అక్కడి సైన్స్ అకాడమీలో ఉద్యోగం చేసుకుంటున్నాడు. 1937 జూలైలో పట్టుకుపోయి సెప్టెంబర్ 2న కాల్చేశారు. ఏమయ్యాడో ఇక్కడ చాలా ఏళ్లు ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

స్టాలిన్‌కి తెలియదన్నారు కదూ. 00447 ఆర్డరుని మర్నాడే స్టాలిన్ చెప్పుచేతల్లో ఉన్న పార్టీ అత్యున్నత కమిటీ, పొలిట్‌బ్యూరో, ఆమోదించింది. శిక్ష ముందే ఖాయం చేసి సంతకాల కోసం పైకి పంపిన జాబితాలు 383, వాటిలో పేర్లు 40 వేల పైమాటే. అత్యధిక జాబితాల మీద స్టాలిన్ చేతి సంతకం ఉంది. ఇక నింద మోస్తున్న ఆ కింది అధికారి యెజోవ్‌నీ 1940 ఫిబ్రవరిలో కాల్చేశారు. నేరం: గూఢచర్యం, స్టాలిన్‌ని చంపడానికి కుట్ర. ద్రోహులకే శిక్షలు పడ్డాయన్నారు కాబట్టి, సాక్షాత్తూ రహస్య పోలీసు అధిపతి కూడా విదేశీ గూఢచారేనని మెసేజ్ రాసినాయన ఒప్పుకోవాలి మరి.