మడ అడవి చూడాలంటే కోరింగ దాకా పోవాలా?

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో చెక్కల దారి మీద నడుస్తూ మా అన్న కూతురు ఒక తెల్లమడ ఆకును వేలితో రుద్ది, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. "చిన్నాన్నా, ఉప్పు!" అని అరిచింది. వేళ్లు పీల్చిన నీళ్లలోని ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదుగా బయటికి తోసేస్తుంది. కింద బురదలో పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్టు ఎక్కడ చూసినా వేళ్లే. బురదలో గాలి ఆడదు, అందుకే అవి పైకి లేచి ఊపిరి పీలుస్తాయి. ఆ పిల్ల అక్కడి నుంచి కదలనంది. మాది నెల్లూరు. ఇదే తెల్లమడ కృష్ణపట్నం దగ్గర, మా ఇంటికి గంట దూరంలో ఉందని ఆ పిల్లకు తెలియదు. మేం ఎప్పుడూ చెప్పలేదు.

కోరింగ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. 1978లో అభయారణ్యమైంది, 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, బావురుపిల్లులు, నీటికుక్కలు, పడవలు. నా వాదన మన జిల్లా గురించి. ఇక్కడ మిగిలిన మడను కాపాడాలంటే ముందు దాన్ని జనానికి చూపించాలి. కృష్ణపట్నం దగ్గరి కండలేరు ఉప్పుటేరు ఒడ్డున అర కిలోమీటరు చెక్కల దారి వేయాలి, నాలుగు చిన్న పడవలు పెట్టాలి, బడి పిల్లల్ని వంతులవారీగా తీసుకుపోవాలి.

జనం వస్తే ప్లాస్టిక్ వస్తుందని, పక్షులు బెదురుతాయని, మడ జోలికి పోకపోవడమే మేలని కొందరంటారు. ఆ భయం ఉత్తిది కాదు, కోరింగలో నాకూ చిప్స్ కవర్లు కనిపించాయి. కానీ ఎవరూ జోలికి పోని చోట ఏం జరుగుతోంది? ఉప్పుటేరు వెంట బైక్ మీద ఒకసారి వెళ్లి రండి, రొయ్యల చెరువు గట్లు ఎక్కడిదాకా వచ్చాయో కనిపిస్తుంది. కవరు ఏరేయొచ్చు. గట్టు కట్టి పోటు నీళ్లు ఆపేశాక ఎండిపోయిన మడను తిరిగి లేపడం ఏళ్ల తరబడి పని.

ఎంత పనో కృష్ణా, గోదావరి డెల్టాల్లో చూశాం. పాడైన మడను అక్కడ తిరిగి పెంచినప్పుడు ముందు మొక్కలు పట్టుకురాలేదు, కాలువలు తవ్వారు. చేపముల్లు ఆకారంలో, మధ్యన పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ వాలుగా పిల్లకాలువలు. పోటుకు నీళ్లు లోపలికి ఎక్కాలి, పాటుకు దిగిపోవాలి. అలా తిరగకపోతే నేలలో ఉప్పు పేరుకుని నాటిన మొక్క మాడిపోతుంది. 2023-24 కేంద్ర బడ్జెట్లో మడ అడవుల కోసం 'మిష్టి' పథకం ప్రకటించారు, సంతోషం. అయితే ఎన్ని మొక్కలు నాటామన్న లెక్క దగ్గరే ఆగిపోతే ఆ డబ్బు బురదపాలే. మూడో ఏడు కూడా వెళ్లి నీళ్లు తిరుగుతున్నాయా అని అడిగేవాళ్లుండాలి. చూడనివాడు ఎందుకు అడుగుతాడు?

నేలపట్టు పక్షుల చెరువునే తీసుకోండి. 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాకు పోయినా మనకు అది పరాయిది కాదు. గూడబాతుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పైరుకు బలమని అక్కడి రైతులకు తెలుసు. పక్షుల పండుగ జరిగితే ఊళ్లకు ఊళ్లు కదిలొస్తాయి. ఆ చెరువు మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరు ఊరుకోదు. మన మడకు అలాంటి ఊరు లేదు.

రొయ్య మీద బతికే జిల్లాలో ఈ మాట చెప్పాల్సి రావడమే బాధ. టైగర్ రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు తలదాచుకునేది మడ వేళ్ల సందుల్లోనే. 2009లో వన్నామి అనే విదేశీ రొయ్య వచ్చాక సీడ్ (రొయ్య పిల్ల) హేచరీ నుంచి దిగుతోంది కదా, మడతో మనకేం పని అనుకుంటున్నారు. మరి చెరువులోకి మోటారు పెట్టి తోడే నీళ్లు ఎక్కడివి? ఆ ఉప్పుటేటివి కావా?

అసలు రోగం మన రెవెన్యూ భాషలో ఉంది. నాగలి దిగే నేలకు శిస్తు ఉంది, పట్టా ఉంది, పరువు ఉంది. శిస్తు రాని నేలంతా పోరంబోకు. తెల్లదొరలు పన్ను లెక్కల్లో వాడుకున్న ఆ పాత మాటను మనం తిట్టుగా మార్చుకుని మనుషులకూ అంటగట్టాం. మేత బీడు, వాగు, ఇసుక దిబ్బ, ఉప్పు పర్ర, మడ, అన్నీ ఆ ఒక్క మాట కిందే నలిగిపోయాయి. 1991 నుంచి తీర నియంత్రణ నిబంధనలు మడను అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే సీఆర్‌జడ్-1 తరగతిలో పెట్టాయి. కాగితం మీద అంత విలువ. ఊళ్లో అడిగితే మాత్రం, "అదా, ఖాళీ స్థలమండీ" అంటారు. ఏ జిల్లాలో ఏ ప్రాజెక్టు వచ్చినా ముందు ఇలాంటి 'ఖాళీ' మీదే వేలు పడుతుంది. ఖాళీ అని రాసినవాడు అక్కడికి వెళ్లి చూశాడా అని ఎవరమూ అడగలేదు.

కోరింగ నుంచి వచ్చిన మరుసటి ఆదివారం ఆ పిల్లను కృష్ణపట్నం వైపు తీసుకెళ్లాను. దారి లేదు, చెప్పులు చేత పట్టుకుని దిగాం. ఒక యానాది పెద్దాయన బురదలో బోర్లా వంగి, బొరియలోకి భుజం దాకా చెయ్యి పెట్టి ఎండ్రకాయను లాగాడు. అరచేతిలో ఇమిడేంత చిన్నది. తిప్పి చూసి వదిలేశాడు. "ఎందుకు తాతా వదిలేశావు?" అని పిల్ల అడిగితే, "ఇంకా పెరగాల కదమ్మా" అని పక్క బొరియ వైపు జరిగాడు. తర్వాత గంటసేపు ఏ బొరియలో ఎండ్రకాయ ఉంటుందో, ఏది ఉత్తదో బురద మీది గీతలు చూపించి చెప్పాడు.

జిల్లా యంత్రాంగం చెక్కల దారి వేసేదాకా ఆగక్కర్లేదు. ఈ శీతాకాలానికే వారానికొక బడి చొప్పున పిల్లల్ని ఇక్కడికి పంపొచ్చు. గైడ్లుగా బయటివాళ్లను కాదు, ఇలాంటివాళ్లను నెల జీతానికి పెట్టాలి.