ఉత్తమ సేవా పురస్కారానికి ఒక సిఫారసు

ఏటా జనవరి 26న ఉత్తమ సేవలందించిన ఉద్యోగులకు ప్రభుత్వం ప్రశంసాపత్రాలు ఇస్తుంది. ఈసారి ఆ జాబితాలో నకిలీ కస్టమర్ కేర్ వారిని కూడా చేర్చాలని సవినయంగా మనవి చేస్తున్నాను. నాకు తెలిసినంతలో మొదటి రింగుకే ఫోను ఎత్తేది వారొక్కరే.

గత నెల మా వాషింగ్ మెషీన్ నీళ్లు తాగింది, కక్కనని మొండికేసింది. కంపెనీ అసలు నంబరుకు ఫోను చేస్తే భాషకు ఒకటి నొక్కమన్నారు, బాధకు నాలుగు నొక్కమన్నారు, ఆపైన వీణ వినిపించారు. ఇరవై నిమిషాల కచేరీ ముగిశాక లైను తెగింది. విసిగిపోయి కంపెనీ పేరు, ఊరి పేరు కొట్టి నెట్‌లో వెతికాను. అన్నిటికన్నా పైన ఉన్న నంబరుకు చేస్తే, "నమస్కారం సార్, చెప్పండి" అంటూ తేనెలో ముంచిన తెలుగు. నా గోడు ఆసాంతం విన్నాడు. మధ్యలో ఒకసారి "అయ్యో" అన్నాడు. మా మెషీన్ కోసం అయ్యో అన్న మొదటి మనిషి అతనే.

పైన కనిపించింది కనుక పెద్దమనిషే అయ్యుంటాడని నా లెక్క. తిరుమలలో 300 రూపాయల టికెట్‌తో ముందు వెళ్లేవారికి సర్వదర్శనం క్యూలో నిలబడ్డవారికన్నా భక్తి ఎక్కువని ఎవరూ అనుకోరు. సెర్చ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముందున్నవాడే సత్యవంతుడు. ఆ వరుస నెత్తిన చీమ తలకాయంత అక్షరాలతో ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది. డబ్బు కట్టి కూర్చున్న చోటని దాని అర్థం. ఇక మ్యాపులో దుకాణం పేరు కింద ఉండే ఫోన్ నంబరును మార్చమని సూచించే హక్కు దారిన పోయే దానయ్యకు కూడా ఉంది.

మన సేవకుడు ఒక చిన్న యాప్ వేసుకోమన్నాడు. వేసుకుంటే నా ఫోను తెర అతనికి కనిపిస్తుందట, నాకు శ్రమ ఉండదట. ఎంత ఆప్యాయత! తర్వాత, పాత సర్వీసు రుసుము 1,200 రూపాయలు నాకు వాపసు రావాల్సి ఉందని, పిన్ నొక్కితే చాలని చెప్పాడు. వేలు పెట్టబోతుండగా ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఫోను లాక్కుంది.

"డబ్బు రావడానికి పిన్ ఎందుకు నాన్నా? అది పంపడానికి కదా!"

ఇరవై ఏళ్లుగా ఖాతాలు చూస్తున్న గుమాస్తాను నేను. ఆ పూట భోజనం సహించలేదు.

ఒకప్పుడు అక్షరదోషాలుంటే దొంగ సందేశమని పోల్చుకోమనేవారు. ఆ కొలతతో చూస్తే మా వీధి చివర అంటించిన ప్రభుత్వ ప్రకటన మొదట జైలుకు వెళ్లాలి. నకిలీ పోలీసులనే వీరి సోదర శాఖ సేవ మరీ గొప్పది. స్టేషన్ చుట్టూ తిప్పకుండా మన ఇంట్లోనే, వీడియో కాల్‌లోనే డిజిటల్ అరెస్టు చేసి పెడుతుంది. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేకపోవడం ఒక్కటే లోటు.

డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయాలని, ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటాక పట్టుకోవడం కష్టమని మా అమ్మాయి బోధించింది. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు కనుక ఆ నంబరు గుర్తుండిపోయింది.

మర్నాడు ఆ సేవకుడే మళ్లీ ఫోను చేసి, "మధ్యలో లైను కట్ అయింది సార్, క్షమించాలి" అన్నాడు. అసలు కంపెనీ నుంచి మాత్రం నిన్న సందేశం వచ్చింది. నా ఫిర్యాదు విజయవంతంగా పరిష్కారమైందట, కింది లింకు నొక్కి ఎన్ని నక్షత్రాలు ఇస్తానో చెప్పాలట. మెషీన్‌లో నీళ్లు అలాగే ఉన్నాయి. లింకు చూస్తే పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది. అమ్మాయికి చూపించాను.

"ఇది అసలుదే అయ్యుంటుంది నాన్నా. దొంగవాళ్లయితే ఇంకాస్త శ్రద్ధగా చేసేవాళ్లు" అంది.